మోరిస్ ఫెస్టివల్‌కి మొదటిసారి వెళ్తున్నారా, ముందు పిక్కలు చూసుకోండి

మోరిస్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తా, మోకాళ్ళ కింద గజ్జెలు కట్టుకుని చేతిలో తెల్ల రుమాళ్ళో కర్రలో పట్టుకుని పబ్ ముందు ఎగిరే ఇంగ్లాండ్ జానపద డాన్స్. కోలాటం చూసి పెరిగినవాళ్ళకి పెద్ద వింతగా ఉండదు, నాకూ అలాగే అనిపించి ఒక సాయంత్రం ప్రాక్టీస్ చూడ్డానికి వెళ్ళా, ఇప్పుడు నాలుగో ఏడాది నడుస్తోంది. ఈ మధ్య ఇక్కడి మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు వాళ్ళ ఊళ్ళో సైడ్‌లో (టీమ్‌ని సైడ్ అంటారు) చేరి, సముద్రం పక్కన ఫెస్టివల్‌కి రమ్మంటున్నారు, ఏం తీసుకెళ్ళాలి అని అడిగారు, వాళ్ళ కోసమే ఇది.

నేను ఎక్కువగా చెప్పేది డోర్సెట్‌లో స్వానేజ్ గురించి. 1955లో మొదలైన సిడ్మత్ ఫెస్టివల్ పేరు చాలామంది వినే ఉంటారు గానీ అది వారం రోజుల పండగ, మొదటిసారికి అంత వద్దు. స్వానేజ్ సెప్టెంబర్‌లో శుక్ర శని ఆది, డాన్స్ సైడ్‌లు బోలెడు వస్తాయి, బీచ్ రోడ్డు పొడుగునా గజ్జెల చప్పుడే.

వెళ్ళడం గురించి త్వరగా చెప్పేస్తా. మామూలు రైలు వేర్‌హమ్ వరకే, అక్కడి నుంచి బస్సు. కారులో బోర్న్‌మత్ వైపు నుంచి వస్తే సాండ్‌బ్యాంక్స్ దగ్గర గొలుసుల మీద నడిచే ఫెర్రీ ఉంది, చూడ్డానికి బాగుంటుంది గానీ వారాంతంలో కార్ల లైన్ ఉంటుంది, పదకొండుకి మీ డాన్స్ అంటే దాన్ని నమ్ముకోకండి. కారు నార్డెన్ స్టేషన్ దగ్గర పెట్టేసి ఆవిరి రైలెక్కి కోర్ఫ్ కోట పక్కనుంచి రావచ్చు, పిల్లలుంటే నేనైతే ఇదే అంటా.

ఇక అసలు విషయం కాళ్ళు. రోజుకి ఐదు చోట్ల డాన్స్ అనుకోండి, ఒక్కో చోట మూడేసి, ఒక్కోటి మూడు నిమిషాలు. మొత్తం ముప్పావు గంటే కదా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. ఆ ముప్పావు గంట అంతా ఒంటికాలి మీద గెంతడమే, అదీ తారు రోడ్డు మీద. ప్రాక్టీస్ చేసేది చెక్క నేల హాల్లో, అది కొంచెం లోపలికి దిగి కాలిని పైకి తోస్తుంది, తారు రోడ్డుకి ఆ దయ లేదు. మొదటి ఏడాది శనివారం ఒక్కటి కూడా వదలకుండా అన్నీ ఆడేసి, రాత్రి కేలీ అని అందరూ కలిసి ఆడే డాన్స్ ఉంటే దానికీ వెళ్ళి, ఆదివారం పొద్దున్న మెట్లు దిగలేక వెనక్కి తిరిగి రెయిలింగ్ పట్టుకుని దిగా. చూసినవాళ్ళు నవ్వలేదు, అదే ఇంకా బాధ, వాళ్ళందరికీ అది ముందే తెలుసు.

కాబట్టి సెట్‌కి (ఒక డాన్స్‌లో కలిసి ఆడే గుంపు) ఆరుగురు కావాల్సిన చోట మీ సైడ్‌లో ఎనిమిదిమంది వస్తుంటే, ఏ డాన్స్‌లో కూర్చుంటారో శుక్రవారమే ఫోర్‌మన్‌కి (స్టెప్పులు నేర్పే ఆయన లేదా ఆవిడ) చెప్పేయండి. అక్కడికక్కడ అడిగితే మొహమాటానికి లేచి ఆడేస్తాం, మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా. కొత్త బూట్లు వద్దే వద్దు. అడుగు మెత్తగా ఉండే నల్ల ట్రైనర్లు, రెండు జతల దళసరి మేజోళ్ళు. గజ్జెల పట్టీ మేజోడు మీద కట్టాలి, ఉత్త కాలి మీద కడితే చెమటకి ఉప్పు గాలికి ఒరుసుకుని సాయంత్రానికి చర్మం లేస్తుంది. కూచిపూడి నేర్చుకున్నవాళ్ళు గజ్జెలకి దండం పెట్టి కట్టుకుంటారు, ఇక్కడ వాటిని కారు డిక్కీలో విసిరేస్తుంటే మొదట్లో ప్రాణం చివుక్కుమనేది, ఇప్పుడు అలవాటైపోయింది (నేను మాత్రం ఇప్పటికీ విసరను).

మోరిస్‌లో రకాలున్నాయి, ఇవన్నీ కాట్స్‌వోల్డ్ పద్ధతి ఆడేవాళ్ళకి, గెంతులు ఎక్కువ అందులోనే. నార్త్ వెస్ట్ వాళ్ళు చెక్క అడుగుల బూట్లతో వరసగా నడుస్తూ ఆడతారు, బోర్డర్ వాళ్ళు రంగు రంగు పేలికల కోట్లేసుకుని కర్రలతో గోల చేస్తారు. ఒక మాట ముందే చెప్పడం మంచిది, నెట్‌లో పాత ఫోటోలు చూస్తే బోర్డర్ వాళ్ళు మొహానికి నల్ల రంగు పూసుకుని కనిపిస్తారు, నాకూ అవి చూసి వెళ్ళాలా వద్దా అనిపించింది. 2020లో మోరిస్ సంఘాలు మూడూ కలిసి మొహం నిండా నలుపు ఇక వద్దని చెప్పేశాయి, ఇప్పుడు నీలం, ఆకుపచ్చ, ఊదా అలా పూసుకుంటున్నారు. ఆడవాళ్ళని చేర్చుకుంటారా అని కూడా అడిగారు. ఆడవాళ్ళ మోరిస్ కోసం 1975లోనే విడిగా ఫెడరేషన్ పెట్టుకున్నారు, ఇప్పుడు కలిసి ఆడే సైడ్‌లు చాలా ఉన్నాయి, మాదీ అంతే.

సముద్రం పక్కన ఇంకో శత్రువు గాలి. రుమాలు పైకి విసిరితే అది తిరిగొచ్చి మీ మొహానికే చుట్టుకుంటుంది, అందుకే మామూలుగా కంటే కొంచెం పొట్టిగా పిడికిట్లో పట్టుకోండి, అంచుకి చిన్న ముడేసి వేలికి తగిలించుకుంటే ఎగిరిపోదు. మ్యూజిక్ కూడా గాలికి కొట్టుకుపోతుంది. మెలోడియన్ (చిన్న అకార్డియన్ లాంటిది) వాయించేవాళ్ళని గాలి వచ్చే వైపు నిలబెట్టండి, అప్పుడు పాట మీ మీదకి వస్తుంది, లేకపోతే చివర్లో ఉన్న ఇద్దరికీ ఏమీ వినపడక ఎదుటివాళ్ళ కాళ్ళు చూసి ఆడాల్సొస్తుంది, ఆ ఇద్దరిలో కొత్తవాళ్ళే ఉంటారెందుకో.

కోలాటం వచ్చినవాళ్ళకి కర్రల డాన్స్‌లో తాళం తొందరగా పట్టుబడుతుంది, కానీ ఒక చెడు అలవాటు కూడా వస్తుంది. కోలాటంలో రెండు సన్న కోలలు, మణికట్టుతో తేలిగ్గా తగిలిస్తాం. ఇక్కడ ఎక్కువగా ఒకటే కర్ర, బొటనవేలంత కాదు రోకలిబండలా ఉంటుంది, ఎదుటివాడు కట్టెలు కొట్టినట్టు కొడతాడు. మీరు మెత్తగా పట్టుకుంటే కర్ర జారి వేళ్ళ మీద పడుతుంది. కిందివైపు గట్టిగా పట్టుకుని వాడి కర్ర మధ్యకి గురిపెట్టండి. కర్రలు విరుగుతాయి కూడా, మనిషికొకటి అదనంగా ఉండాలి.

ఊరేగింపులో గజ్జెలు కట్టుకుని రోడ్డంతా ఆడుతూ వెళ్తారు, అక్కడ ఉత్సాహానికి పోవద్దు, జనం లేనిచోట మామూలుగా నడిచేయండి, ఎవరూ ఏమనుకోరు. మీ వంతుకి రెండు డాన్సులన్నారంటే రెండే ఆడి పక్క సైడ్‌కి వదిలేయండి, మూడోది ఆడితే మాత్రం అనుకుంటారు.

తిండికి చిప్స్ కొనుక్కుంటే గోడకి ఆనుకుని తినండి, సీగల్ వెనకనుంచి వచ్చి తన్నుకుపోతుంది, మా ఊళ్ళో కాకులు నయం. నేను పులిహోర కలిపి పెద్ద డబ్బాలో పట్టుకెళ్తా, చలిదేశం కదా, శుక్రవారం సాయంత్రం చేసింది శనివారం మధ్యాహ్నానికి బాగానే ఉంటుంది, మా సైడ్ వాళ్ళు ఇప్పుడు ఫెస్టివల్ డేట్ కంటే ముందు డబ్బా సంగతి అడుగుతున్నారు. సాయంత్రం బీర్ కంటే ముందు ప్యాంటు మడిచి మోకాళ్ళ దాకా సముద్రంలో పది నిమిషాలు నిలబడండి, నీళ్ళు జివ్వుమంటాయి, పిక్కలకి మాత్రం అంతకంటే మందు నాకు దొరకలేదు. కేలీలో పాటలు వినండి, చప్పట్లు కొట్టండి, లేవకండి.

ఇంటికొచ్చాక గజ్జెల్లో ఇసుక దులిపి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి, ఉప్పుకి తుప్పు పట్టేస్తాయి. తెల్ల చొక్కా మీద పులిహోర పసుపు పడితే వెంటనే ఉతికి ఎండలో వేయండి, ఇక్కడ ఎండ లేకపోతే వచ్చేదాకా అలా తీగ మీదే ఉంచండి, నాది మూడు వారాలు వేలాడింది.