కరిగిన ప్లాస్టిక్ పూసకట్టడం ఇంట్లో చూడటం ఎలా?

కాచిన నెయ్యి నెమ్మదిగా చల్లారితే పూసకడుతుంది, అంటే అందులో స్ఫటికాలు పెరుగుతాయి. వెంటనే ఫ్రిజ్‌లో పెడితే మెత్తగా పేరుకుంటుంది. సూక్ష్మజీవులు తినగలిగే పాలియెస్టర్ ప్లాస్టిక్కులదీ ఇదే తీరు. వాటిలో పాలీకాప్రోలాక్టోన్ 60 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి మన పొయ్యి చాలు. చేత్తో మలుచుకునే ప్లాస్టిక్ గుళికలుగా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ప్యాకెట్ మీద పదార్థం పేరు చూసి కొనండి.

ముందు ఒక గాజు గిన్నె కేటాయించండి. ఇక దాన్ని తిండికి వాడకూడదు. ప్లాస్టిక్ గిన్నె అసలే వద్దు, అంటుకుపోతుంది. సుమారు 80 డిగ్రీల నీళ్లు పోసి రెండు చెంచాల గుళికలు వేయండి. తెల్లటి గుళికలు అంచుల నుంచి నిగ్గుతేలి, కాసేపటికి ఉడికిన సగ్గుబియ్యంలా అవుతాయి. పది నిమిషాలు అలాగే ఉంచండి. నీళ్లు 60కి కాస్త పైన మాత్రమే ఉంటే పాత స్ఫటికాల ఆనవాళ్లు మిగిలి, పాలకు తోడు వేసినట్టు పనిచేస్తాయి. అప్పుడు ముద్ద తొందరగా తెల్లబడి మీ పరీక్ష చెడుతుంది.

తర్వాత స్టీలు చెంచాతో తీసి, చేయి కాలకుండా బఠాణీ గింజంత ఉండలు మూడు చేయండి. ఒకటి ఐసు నీళ్లలో, ఒకటి పళ్లెంలో, మూడోది 45 డిగ్రీల నీళ్లు పోసిన ఫ్లాస్కులో వేయండి. తెల్లబడటమే పూసకట్టిందనడానికి గుర్తు. ఐసులోది చూస్తుండగానే పైనుంచి లోపలికి తెల్లబడుతుంది. పళ్లెంలోది కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. ఫ్లాస్కులోది చాలాసేపు గాజుపూసలాగే ఉంటుంది.

ఈ మూడోదాని సంగతి నాకు ఒంగోలు ఎండ నేర్పింది. మే నెల మధ్యాహ్నం కుళాయి తిప్పి, చల్లటి నీళ్లే కదా అని ఉండను అందులో వేశాను. ఎంతకీ తెల్లబడలేదు. సరుకు నకిలీదేమో అనుకున్నాను. వేలు పెట్టి చూస్తే మేడ మీద ట్యాంకు నీళ్లు స్నానానికి కాచినట్టున్నాయి!

పొడవాటి అణు గొలుసులు మడతలుపడి వరుస కడితేనే స్ఫటికం. మరీ వేడిలో అవి ఒకచోట నిలవవు, మరీ చలిలో కదలలేవు (మన ఉండకు ఐసు నీళ్ల చలి అంతటిది కాదు). కరిగే వేడికి కాస్త కింద స్ఫటికాల మొలకలు తక్కువ పడతాయి, పడినవి పెద్దగా పెరుగుతాయి. చీమకుర్తిలో దొరికే గెలాక్సీ అనే నల్లరాయిలో బంగారు మెరుపులూ అలా నెమ్మదిగా చల్లారిన శిలాద్రవంలో పెరిగిన స్ఫటికాలే.

పీఎల్ఏ (పాలీలాక్టిక్ యాసిడ్) అనే మరో పాలియెస్టర్ ప్లాస్టిక్‌తో చేసిన పారదర్శకమైన గ్లాసుది వేరే కథ. అచ్చులో తొందరగా చల్లారడంతో గొలుసులకు వరుస కట్టే సమయం చిక్కదు. అందుకే 60 డిగ్రీల దగ్గర మెత్తబడి, వేడి టీ పోస్తే వంగిపోతుంది. దాన్నే 100-110 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచితే తెల్లబడి వేడికి తట్టుకుంటుంది. తయారీదారులు టాల్క్ పొడి కలిపి ఈ పని త్వరగా కానిస్తారు.

ఉండలు మళ్లీ కరిగించి వాడుకోవచ్చు. గిన్నెలోని వేడి నీళ్లను మాత్రం సింకులో పారబోయకండి. తునకలు గొట్టంలో చల్లారి గట్టిపడితే తీయడం చాలా కష్టం.