డ్రయ్యర్ మీద రాసిన మైనస్ 40 ఏ ప్రెషర్ దగ్గర?

జీడిమెట్లలో మా యూనిట్‌కి ఎయిర్ డ్రయ్యర్ (కంప్రెసర్ గాలిలోని తేమ తీసే మెషిన్) తీసుకునేటప్పుడు కొటేషన్‌లో డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీరుగానో మంచుగానో బయటపడే ఉష్ణోగ్రత, మైనస్ 40 డిగ్రీలు అని ఉంది, సరే అని ఆర్డర్ పెట్టాం. తీరా బిగించి లైన్‌లో మీటర్ పెడితే మైనస్ 20 దగ్గరే ఆగింది. డెసికెంట్ (డ్రయ్యర్‌లో తేమ పీల్చే పదార్థం) పాడైందేమోనని రెండు రోజులు టెన్షన్. అసలు సంగతేమిటంటే వాళ్లు రాసింది అట్మాస్ఫియరిక్ డ్యూ పాయింట్, అంటే గాలిని బయటి పీడనానికి వదిలాక ఉండేది; మేం కొలిచింది లైన్‌లో 7 బార్ దగ్గర ఉండే ప్రెషర్ డ్యూ పాయింట్. రెండు అంకెలూ నిజమే, గాలి ఒక్కటే.

గాలిని నొక్కితే అందులోని నీటి ఆవిరి కూడా నొక్కుకుపోతుంది కాబట్టి అంత చల్లబడకముందే తేమ బయటపడుతుంది. అందుకే ప్రెషర్ డ్యూ పాయింట్ ఎప్పుడూ పైనే ఉంటుంది.

ఒకదాన్నించి ఇంకోదానికి మార్చాలంటే డిగ్రీలను గుణించకండి, చాలామంది చేసే తప్పు అదే. ముందు ఆ డిగ్రీకి ఆవిరి పీడనం ఎంతో టేబుల్‌లో చూడండి. మైనస్ 40కి మంచు మీద 0.128 మిల్లీబార్. గేజ్ 7 బార్ చూపిస్తే దానికి బయటి గాలి ఒక బార్ కలిపి 8 అనుకోండి (ఈ ఒకటి కలపడం మర్చిపోతే లెక్కంతా తప్పుతుంది). 0.128ని 8తో గుణిస్తే 1.03 వస్తుంది, మళ్లీ టేబుల్‌లో 1.03 ఎక్కడుందో చూస్తే మైనస్ 20. మా మీటర్ చూపించింది ఇదే. ప్రెషర్ నుంచి అట్మాస్ఫియరిక్‌కి వెళ్లాలంటే 8తో భాగించాలి: రిఫ్రిజరేటెడ్ డ్రయ్యర్ (గాలిని చల్లబరిచి తేమ తీసేది) ఇచ్చే 3 డిగ్రీలకి 7.58 మిల్లీబార్, భాగిస్తే 0.95, అంటే మైనస్ 21. కొందరు దీన్నే మైనస్ 23 అంటారు, వాళ్లు చూసింది మంచుకి కాకుండా, సున్నా కింద కూడా గడ్డకట్టని నీటికి వేసిన టేబుల్. సున్నా కిందకి వెళ్లాక ఏ టేబుల్ వాడుతున్నారో ఒక్కటే పట్టుకోండి, రెండూ కలపొద్దు.

హైదరాబాద్ ఎత్తులో బయటి గాలి 0.95 బార్ దాకానే ఉంటుంది, కానీ దానివల్ల వచ్చే తేడా ఒక డిగ్రీలోపే, పట్టించుకోనక్కర్లేదు.

కంప్రెసర్ గాలి శుభ్రతకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8573-1లో తేమకి ఇచ్చే 1 నుంచి 6 క్లాసులు ప్రెషర్ డ్యూ పాయింట్ మీదే ఉంటాయి. క్లాస్ 2కి మైనస్ 40, క్లాస్ 3కి మైనస్ 20. అంటే ఫార్మా లైన్‌కి క్లాస్ 2 కావాలనుకుని అట్మాస్ఫియరిక్ మైనస్ 40 కొంటే చేతికొచ్చేది క్లాస్ 3 గాలి. కాబట్టి పర్చేజ్ ఆర్డర్‌లో ఉత్త మైనస్ 40 అని వదిలేయకుండా "7 బార్ గేజ్ దగ్గర ప్రెషర్ డ్యూ పాయింట్ మైనస్ 40" అని పూర్తిగా రాయించండి.

కొలిచేటప్పుడు సెన్సార్ దగ్గర ప్రెషర్ ఎంతుందో రాసుకోండి, గాలిని బయటికి వదులుతూ కొలిస్తే వచ్చేది అట్మాస్ఫియరిక్ అంకె. శాంపిల్ ట్యూబ్ స్టీల్‌దో టెఫ్లాన్‌దో వాడండి, రబ్బరు, నైలాన్ ట్యూబులైతే బయటి తేమ గోడల్లోంచి లోపలికి పాకి రీడింగ్ పెరిగిపోతుంది. రీడింగ్ కదలకుండా నిలబడేదాకా ఆగండి, ఎండు గాలికి గంటలు పట్టొచ్చు.