సైకిల్ మరమ్మతు స్వయంశిక్షణ – 5వ పాఠం: డిస్క్ రోటర్‌కూ చక్రానికీ జత కుదర్చడం

గత పాఠంలో బ్రేకు ప్యాడ్ల అరుగుదలను గుర్తించడం, ఆ ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌ను రోటర్‌కు (చక్రంతో పాటు తిరిగే లోహపు పళ్లానికి) సరిగ్గా నడుమ నిలపడం నేర్చుకున్నాము. మౌంటెన్ బైకుకు కొత్త రోటర్ గానీ కొత్త చక్రం గానీ కొనవలసి వచ్చినప్పుడు, ఏది దేనికి సరిపోతుందో డబ్బు చెల్లించకముందే తేల్చుకునే పద్ధతిని ఈసారి చూద్దాము. దుకాణానికి వెళ్లినవారు చాలామంది మొదట అడిగేది చక్రం ఎన్ని అంగుళాలని. నా దృష్టిలో అది ఆఖరున అడగవలసిన ప్రశ్న. ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు ఏ ఇరుసును పట్టుకుంటాయన్నదాన్ని బట్టి హబ్ (ఇరుసు చుట్టూ తిరిగే చక్రం నడిమి భాగం), హబ్‌ను బట్టి రోటర్ బిగింపు, కాలిపర్‌నూ అది కూర్చునే చోటునూ బట్టి రోటర్ వ్యాసం, మందం తేలుతాయి. ఈ వరుస తప్పకుండా కొలుచుకుంటూ పోవాలి. ఒక వెర్నియర్, ఒక స్కేలు, తడి గుడ్డ దగ్గర ఉంటే చాలు.

ఇరుసు కొలత

ముందుగా చక్రం విప్పి, ఫోర్కు కాళ్ల లోపలి ముఖాల మధ్య దూరాన్ని కొలవండి. మీట తిప్పి చక్రం విప్పే క్విక్ రిలీజ్ రకమైతే ముందు 100 మిల్లీమీటర్లు, వెనక 135 మిల్లీమీటర్లు ఉండడం సాధారణం. లావుపాటి ఇరుసు ఒక పక్కనుంచి దూరి రెండో పక్క మరలో బిగిసే త్రూ యాక్సిల్ రకమైతే ముందు 15 మిల్లీమీటర్ల ఇరుసుతో 100 లేదా 110, వెనక 12 మిల్లీమీటర్ల ఇరుసుతో 142 లేదా 148 కనబడతాయి. వీటిలో 110, 148 కొలతలను బూస్ట్ అంటారు.

బూస్ట్‌లో పెరిగింది వెడల్పు మాత్రమే అనుకుంటే పొరపాటు. ముందు హబ్‌లో రోటర్ కూర్చునే చోటు పాతదానికంటే 5 మిల్లీమీటర్లు, వెనక హబ్‌లో 3 మిల్లీమీటర్లు బయటికి జరిగింది. అందువల్ల 100 మిల్లీమీటర్ల హబ్‌కు రెండు పక్కలా వెడల్పు పెంచే చివరి టోపీలు తొడిగి 110 ఫోర్కులో కూర్చోబెట్టినంత మాత్రాన రోటర్ కాలిపర్ నడుమకు రాదు; రోటర్ కింద 5 మిల్లీమీటర్ల స్పేసర్, దానికి తగినంత పొడవైన బోల్టులు కూడా కావాలి. ఇవన్నీ కలిపి హబ్ తయారీదారులే అమ్మే కిట్లు ఉన్నాయి. ఆటోనగర్ పక్కనే ఉండగా ఏ విడిభాగానికీ వెతుక్కోనక్కరలేదన్న ధీమా బెజవాడవాళ్లకు సహజమే. లేత్ మీద సాదా స్పేసర్ ఒకటి చేయించుకోవడం వరకు నాకు అభ్యంతరం లేదు గాని, రోటర్‌కు కొత్త రంధ్రాలు వేయించడం, హబ్ అంచుకు వెల్డింగ్ పెట్టించడం మాత్రం ఎవరు చేసిపెడతామన్నా ఒప్పుకోకండి. బ్రేకు వేసినప్పుడు చక్రాన్ని ఆపే బలమంతా ఆ కొద్దిపాటి లోహం మీదుగానే వెళ్లాలి.

ఈ కారణం వల్లే పుల్లల (స్పోకుల) అల్లికను కూడా ఒకసారి గమనించాలి. డిస్క్ బ్రేకులో ఆపే బలం హబ్ వద్ద పుట్టి పుల్లల ద్వారా రిమ్ముకు చేరుతుంది కాబట్టి, పుల్లలు ఒకదానినొకటి దాటుతూ అల్లి ఉండాలి. హబ్ నుండి రిమ్ముకు నిటారుగా, దాటకుండా వెళ్లే అల్లిక ఉన్న చక్రం చవకగా వచ్చినా డిస్క్ బ్రేకుకు పనికిరాదు.

రోటర్ బిగింపు

రోటర్ హబ్‌కు రెండు విధాల బిగుస్తుంది. మొదటిది ఆరు బోల్టుల పద్ధతి. ఎదురెదురు రంధ్రాల కేంద్రాల మధ్య 44 మిల్లీమీటర్లు, పక్కపక్క రంధ్రాల కేంద్రాల మధ్య 22 మిల్లీమీటర్లు ఉంటే అది ప్రామాణికమైన అమరికే. బోల్టుల తలలో నక్షత్రపు గుంట ఉంటుంది. దానికి టి25 కీ వాడాలి, అల్లెన్ కీని బలవంతంగా దూర్చకూడదు. రెండోది షిమానో కంపెనీ తెచ్చిన సెంటర్ లాక్ పద్ధతి. ఇందులో హబ్ మీది సన్నని పళ్లలోకి రోటర్ దిగుతుంది, పైనుంచి ఒకే ఒక లాక్ రింగు 40 న్యూటన్ మీటర్ల బిగువుతో దానిని పట్టి ఉంచుతుంది.

సెంటర్ లాక్ హబ్ ఉన్నవారు అడాప్టర్ కొని ఆరు బోల్టుల రోటర్‌ను వాడుకోవచ్చు, కానీ ఆరు బోల్టుల హబ్ మీద సెంటర్ లాక్ రోటర్ కూర్చోదు. కాబట్టి ఏ రోటర్ చేతికి వచ్చినా దారి దొరకాలనుకునేవారికి సెంటర్ లాక్ హబ్ నయం. మామూలు పనిముట్లతో, ఊళ్లో సులువుగా దొరికే రోటర్లతో గడుపుకోవాలనుకునేవారికి ఆరు బోల్టులే నయం. నేనైతే రెండో పక్షం.

వ్యాసం, మందం

మౌంటెన్ బైకుల రోటర్లు సాధారణంగా 160, 180, 200 లేదా 203, 220 మిల్లీమీటర్ల వ్యాసంలో వస్తాయి. 200, 203 ఒకటే అనుకోకూడదు. వ్యాసార్ధంలో ఒకటిన్నర మిల్లీమీటర్ల తేడా వల్ల ప్యాడ్ తాకే చోటు మారుతుంది, అడాప్టర్ కూడా మారుతుంది. 160 నుండి 180కి వెళ్తే అదే వేలి ఒత్తిడికి ఆపే బలం సుమారు 13 శాతం పెరుగుతుంది. అయితే కాలిపర్‌ను 10 మిల్లీమీటర్లు బయటికి జరపాలి. అందుకు 20 మిల్లీమీటర్ల వ్యాసభేదానికి చేసిన అడాప్టర్ కొనాలి. ఫోర్కు మీద నేరుగా 180కి కాలిపర్ బిగిసే అమరిక ఉంటే, అందులో 160 రోటర్ పెట్టడానికి వీలుండదు. ఫ్రేముకూ ఫోర్కుకూ గరిష్ఠ పరిమితి కూడా ఉంటుంది, దానిని దాటరాదు.

బందరు రోడ్డు మీద, కాలవ గట్ల మీద తొక్కేవారికి 160 సరిపోతుంది. కొండవీడు ఘాట్ రోడ్డు దిగేవారు, అందులోనూ బరువైనవారు, ముందు చక్రానికి 180 పెట్టుకోవడం మంచిది. దిగేటప్పుడు బరువంతా ముందుకు వాలుతుంది కాబట్టి, ఒక్కటే మార్చగలిగితే ముందుదే మార్చాలి.

మందం విషయంలో షిమానో రోటర్ కొత్తలో 1.8 మిల్లీమీటర్లు, 1.5కు చేరితే తీసివేయాలి. మగురా అనే మరో కంపెనీ రోటర్ 2.0 నుండి మొదలై 1.8 వద్దనే ముగుస్తుంది. ఒకదానికి కొత్తదనిపించే కొలత మరొకదానికి మరణరేఖ అన్నమాట. అరిగిన రోటర్ అంచున చిన్న గట్టు మిగులుతుంది. వెర్నియర్ వెడల్పు ముఖాలు ఆ గట్టుకు తగిలితే కొలత ఎక్కువ చూపుతుంది, కనుక దాని సన్నని కొనలతో అరిగిన భాగాన్నే పట్టి కొలవాలి. 1.8కి చేసిన కాలిపర్‌లో కొత్త ప్యాడ్ల మధ్య 2.0 రోటర్ పెడితే ఒరుసుకునే ప్రమాదం ఉంది. చవక రోటర్ల మీద ఆంగ్లంలో ‘రెసిన్ ప్యాడ్ ఓన్లీ’ (రెసిన్ ప్యాడ్లకు మాత్రమే) అని ఉంటే లోహపు ప్యాడ్లు వాడకూడదు. రోటర్‌లోని మెత్తని ఉక్కును అవి త్వరగా తినేస్తాయి.

ఇక అంగుళాలు

టైరు పక్కగోడ మీద 559 ఉంటే 26 అంగుళాలు, 584 ఉంటే 27.5, 622 ఉంటే 29. డిస్క్ బ్రేకు రిమ్మును తాకదు కాబట్టి, ఫ్రేములో చోటుంటే చక్రం సైజు మార్చినా బ్రేకు పనిచేస్తుంది. అయితే అదే రోటర్‌తో 27.5 నుండి 29కి వెళ్తే నేల మీద ఆపే బలం ఇంచుమించు 5 శాతం తగ్గుతుంది.

అభ్యాసం

ఫోర్కు 15×100 (15 మిల్లీమీటర్ల ఇరుసు, 100 మిల్లీమీటర్ల వెడల్పు), కాలిపర్ అమరిక 160కి. తక్కువ ధరలో 15×110 సెంటర్ లాక్ ముందు చక్రం దొరికింది. ఇంట్లో ఆరు బోల్టుల 180 రోటర్ ఉంది. రోటర్‌కు సెంటర్ లాక్ అడాప్టర్, కాలిపర్‌కు 20 మిల్లీమీటర్ల అడాప్టర్ కొంటే ఆ రెండు చిక్కులూ తీరతాయి, కానీ 110 హబ్ 100 ఫోర్కులో దూరదు కాబట్టి ఈ బేరం మొదటి కొలతతోనే ఆగిపోతుంది. ఇప్పుడు మీరు చేయండి: ఫ్రేము వెనక 135 క్విక్ రిలీజ్, దొరికిన హబ్ 12×142. ఆ హబ్‌కు చివరి టోపీలు మార్చే వీలుందా అన్నది దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న. రోటర్ స్థానం ఈ రెండింటిలోనూ ఒకటే కనుక స్పేసర్ అవసరం రాదు. మిగిలిన కొలతలు తీసి కాగితం మీద రాసుకోండి, వచ్చే పాఠంలో బిగింపుకు అవి కావాలి.