పాత వ్యాన్‌కు ఏ కూలెంట్? ముందు మూత తీసి చూడండి

కొత్త కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కొనే ముందు వ్యాన్‌లో ఇప్పుడేముందో చూడాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయండి. వేడి మీద తీస్తే ఒత్తిడిలో ఉన్న నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ముఖాన కొడతాయి. టార్చి వేసి చూస్తే సగం జబ్బు అక్కడే బయటపడుతుంది.

నీళ్లు ఇటుక రంగులో ఉన్నాయి

తుప్పు. పాత ఇంజిన్ల బ్లాకు సాధారణంగా పోత ఇనుముది. ఉత్త కుళాయి నీళ్లతో నడిపినా, పాత కూలెంట్‌లోని తుప్పు నిరోధకాలు అయిపోయినా ఇదే రంగు వస్తుంది. పైన ఇంకో లీటరు పోసి లాభం లేదు, అదీ నాలుగు రోజుల్లో ఇటుక రంగుకే తిరుగుతుంది. హీటర్ వేడి మీద ఉంచి, తేట నీళ్లు వచ్చేదాకా లోపలంతా నీళ్లతో కడగాలి (ఫ్లష్). రేడియేటర్ కింది ప్లగ్గు ఒక్కటే విప్పితే బ్లాకులో పాతది చాలానే మిగిలిపోతుంది. బ్లాకుకు విడిగా ప్లగ్గు ఉంటే దాన్నీ విప్పండి.

మూత కింద జిగురు పట్టింది

పాలు కలిపిన కాఫీలా, వేలికి జిడ్డుగా ఉంటే అది ఆయిల్. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే సీలు) గానీ ఆయిల్ కూలర్ గానీ పోయి ఉంటుంది, కూలెంట్ మార్చడం దానికి మందు కాదు. జిడ్డు లేని బంకగా ఉంటే రెండు రకాల కూలెంట్లు కలిసి ఉండొచ్చు. నేను కొన్న పాత వ్యాన్‌లో పచ్చదాని మీద ఎర్రది పోసి ఉంది. హీటర్ పైపులు శుభ్రం చేయడానికే ఒక ఆదివారం పోయింది.

రంగును నమ్మొద్దు. అది కలిపిన అద్దకమే, కంపెనీకో తీరు. అసలు తేడా నిరోధకాల్లో ఉంది. పాతకాలపు ఐఏటీ రకంలో సిలికేట్లు, ఫాస్ఫేట్ల వంటివి ఉంటాయి. అవి లోహమంతటా త్వరగా పొర కడతాయి, రెండేళ్లలో అరిగిపోతాయి. సేంద్రియ ఆమ్లాలతో చేసే ఓఏటీ దాదాపు ఐదేళ్లు ఆగుతుంది. హెచ్‌ఓఏటీ ఈ రెంటి కలయిక.

ఎంపికకు మొదటి ఆధారం వ్యాన్ మాన్యువల్. అది లేకపోతే రేడియేటర్‌ను చూడండి. ట్యాంకు మీది నల్లరంగును ఒక మూల గీకితే పసుపు పచ్చగా ఇత్తడి కనిపిస్తే, అతుకులు సీసం కలిసిన టంకంతో వేసినవై ఉంటాయి. కొన్ని ఓఏటీ రకాలు ఆ టంకానికి పడవు. అలాంటి బండికి నేనైతే ఐఏటీయే పోస్తాను, రెండేళ్లకోసారి మార్చే శ్రమ ఉన్నా సరే. ప్లాస్టిక్ ట్యాంకులు, అల్యూమినియం కోర్ ఉన్న రేడియేటర్ అయితే మాన్యువల్ చెప్పిన ఓఏటీ గానీ హెచ్‌ఓఏటీ గానీ వాడండి. డబ్బా మీద ‘అన్ని వాహనాలకూ’ అని రాసినదాన్ని పాతదాని మీద పోసి సరిపెట్టుకోకండి, దించి కడిగాకే పోయండి.

డీజిల్ వ్యాన్ అయితే వెట్ లైనర్లు (కూలెంట్ నేరుగా తగిలే సిలిండర్ గొట్టాలు) ఉన్నాయేమో కనుక్కోండి. ఆ లైనర్లు అదురుతున్నప్పుడు బయటి గోడ మీద సన్నని బుడగలు పుట్టి పగులుతూ లోహాన్ని గుంటలు గుంటలుగా తొలిచేస్తాయి. వాటికి హెవీ డ్యూటీ కూలెంట్ కావాలి.

కొత్తది పోసినా వేడి చూపే ముల్లు పైకే పోతోంది

నీళ్లు కలపని కాన్సంట్రేట్ పోసేశారా? చిక్కగా ఉంటే మంచిదనుకుంటారు, కానీ కూలెంట్‌లో ముఖ్య పదార్థమైన గ్లైకాల్ నీటి కంటే తక్కువ వేడిని మోస్తుంది. సగం ఇథిలీన్ గ్లైకాల్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే దాదాపు −37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు. విడి గ్లైకాల్ మాత్రం −13 దగ్గరే గడ్డకడుతుంది! కుళాయి నీళ్లలోని సున్నం ట్యూబుల్లో పేరుకుంటుంది కాబట్టి అవి వద్దు. నీళ్లు ముందే కలిపి అమ్మే రెడీమిక్స్‌లో మళ్లీ నీళ్లు కలపొద్దు.

పాళ్లు సరిగ్గానే ఉంటే గాలి చిక్కుకుందేమో చూడండి. సీటు కింద ఇంజిన్, ముందెక్కడో రేడియేటర్, మధ్యలో పొడవాటి పైపులు ఉండే వ్యాన్లలో ఇది మామూలే. ముల్లు పైకీ కిందికీ ఆడుతుంది, హీటర్ చల్లగాలి కొడుతుంది. నింపే మూత ఎత్తులో ఉండేలా బండిని ఏటవాలుగా నిలపండి. చల్లటి ఇంజిన్‌ను మూత తీసే స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వు) తెరుచుకునేదాకా నెమ్మదిగా నింపుతూ పోండి. గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఉంటే బుడగలు ఆగేదాకా వదులుగా ఉంచండి. మర్నాడు చల్లటి ఇంజిన్ మీద మళ్లీ మట్టం చూడాలి, ఒకసారి తగ్గడం సహజం.

మట్టం రోజూ తగ్గుతోంది

ముందు మూత రబ్బరు చూడండి, చవకగా తేలిపోయే సమస్య అదే. తర్వాత వాటర్ పంపు కింది చిన్న రంధ్రం దగ్గర తడి. క్యాబిన్‌లో తియ్యటి వాసన వస్తే హీటర్ కోర్ (క్యాబిన్‌ను వేడి చేసే చిన్న రేడియేటర్) కారుతోంది. బయట ఎక్కడా తడి లేక, పొగగొట్టం నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ పరీక్ష చేయించాల్సిందే.

దించిన పాత కూలెంట్‌ను మూతున్న డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునేచోట అడిగి ఇవ్వండి. కాల్వలో పోయొద్దు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, కొంచెం చాలు ప్రాణం తీయడానికి.