మోడల్ రైల్వే నేర్చుకుందాం – 3వ భాగం: ట్రాక్ ప్లాన్‌ను వేలితో చదవడం

మొదటి రెండు భాగాల్లో స్కేలు, గేజి సంగతి చూశాం. స్కేలంటే అసలు రైలులో మన బొమ్మ రైలు ఎన్నో వంతో చెప్పేది, గేజి అంటే రెండు పట్టాల మధ్య దూరం. హెచ్‌ఓ స్కేలు అంటే 1:87, ఎన్ అంటే 1:160, రెండింటికీ గేజి వరుసగా 16.5 మి.మీ., 9 మి.మీ. ఇంతవరకూ గుర్తుంటే చాలు, ఈ భాగం మొదలుపెట్టొచ్చు. ఈసారి కత్తెర, జిగురు ఏవీ అక్కర్లేదు, ఒక పత్రిక, ఒక పెన్సిలు, మీ చూపుడు వేలు ఉంటే సరిపోతుంది.

మోడల్ రైల్వే పత్రిక చేతికి రాగానే అందరం ముందు ఫొటోలే చూస్తాం. చూడాల్సిందే, అందులో తప్పేం లేదు. అమెరికాలో 1934 నుంచి వస్తున్న 'మోడల్ రైల్‌రోడర్' అయినా, బ్రిటన్‌లో 1949లో మొదలైన 'రైల్వే మోడలర్' అయినా ఆ ఫొటోల కోసమే పాత సంచికలు దాచుకునేవాళ్లు బోలెడు మంది. కానీ లేఅవుట్, అంటే బల్ల మీది మొత్తం రైల్వే, కట్టడం నేర్పేది ఫొటో కాదు, దాని పక్కనో కిందో చిన్నగా వేసిన ట్రాక్ ప్లాన్, అంటే పట్టాలు ఎలా పరిచారో పైనుంచి చూపే పటం. ఫొటోలో కొండా, స్టేషనూ, చెట్లూ కలిసి లోపాలన్నీ కప్పేస్తాయి, ప్లాన్‌లో ఏదీ దాగదు.

ప్లాన్ చూడగానే ముందు మూల వెతకండి. అక్కడ స్కేలు రాసి ఉంటుంది, ఒక్కో గడి ఎంతో కూడా ఉంటుంది. అమెరికన్ ప్లాన్లలో గడి సాధారణంగా ఒక అడుగు. హెచ్‌ఓలో వేసిన ప్లాన్‌ను మీరు ఎన్‌లో కట్టుకోవాలంటే ప్రతి కొలతనూ 0.54తో గుణించండి, 87ను 160తో భాగిస్తే వచ్చేది అదే. అంటే 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న బల్ల దాదాపు 4.4 అడుగులు, 2.2 అడుగులు అవుతుంది. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది: పట్టాలు చిన్నవైనంత మాత్రాన మన చేయి చిన్నదవదు కదా! బల్ల అంచు నుంచి 75 సెం.మీ. దాటిన చోట బోగీ పడిపోతే ఏ స్కేలైనా తీయడం కష్టమే. మనిషి నడిచే దారి కూడా అంతే, 60 సెం.మీ. కంటే తగ్గితే ఇరుకే. కాబట్టి గుణకారం పట్టాలకే, మనిషికి కాదు.

తర్వాత వంపులు. ప్లాన్‌లో అన్నిటికంటే చిన్న రేడియస్ ఎంతో వెతకండి, మీరు ఏ బోగీలు నడపగలరో తేల్చేది అదే. ఎక్కువమంది పాటించే లెక్క ఏమిటంటే, వంపు రేడియస్ మీ దగ్గరున్న అతి పొడవైన బోగీకి కనీసం మూడు రెట్లు ఉండాలి. హెచ్‌ఓలో 30 సెం.మీ. ప్యాసింజర్ బోగీ ఉంటే 90 సెం.మీ. రేడియస్ కావాలి. 4 అడుగుల వెడల్పు బల్ల మీద అంచులు వదిలేస్తే 56 సెం.మీ. మించి రాదు. అందుకే ఆ సైజు బల్లల మీద చిన్న వ్యాగన్ల గూడ్స్ రైలు ఎంత ముచ్చటగా తిరిగినా, పొడవాటి ఎక్స్‌ప్రెస్ మాత్రం వంపులో బోగీ మూలలు బయటికి పొడుచుకొచ్చి చూడ్డానికి బాగోదు. అది ప్లాన్ తప్పు కాదు, ఆ ప్లాన్ గూడ్స్ కోసం గీసింది.

ఎత్తులు చూడటం తేలికే. పట్టాల పక్కన చిన్న అంకెలు కనిపిస్తే అవి ఎత్తులు. రెండు అంకెల తేడాను మధ్య దూరంతో భాగించి 100తో గుణిస్తే ఎక్కుడు, అంటే పట్టా పైకి ఎక్కే వాలు, ఎంత శాతమో వస్తుంది. హెచ్‌ఓలో ఒక లైను మీదుగా ఇంకొకటి దాటాలంటే కింది పట్టా నుంచి వంతెన అడుగుకు 75 మి.మీ. ఖాళీ, వంతెన మందంతో కలిపి 85 అనుకోండి. 2 శాతం ఎక్కుడుతో అంత ఎత్తుకి చేరాలంటే 4.25 మీటర్ల పట్టా కావాలి, మళ్లీ దిగడానికి ఇంకో 4.25. చిన్న బల్ల మీద పైవంతెన గీసిన ప్లాన్ కనిపిస్తే ఈ లెక్క వేసి చూడండి, చాలావాటిలో ఎక్కుడు 4, 5 శాతం తేలుతుంది, అంటే మరీ నిటారు.

ఇక అసలు పని, వేలితో రైలు నడపడం. వేలు ఇంజిన్ అనుకుని, వెనక ఒక వ్యాగన్ ఉందనుకుని మెయిన్ లైను మీద బయల్దేరండి. దారిలో సైడింగ్ వచ్చింది, అంటే వ్యాగన్లు నిలిపే పక్క పట్టా. పాయింట్లు (రైలును ఒక లైను నుంచి ఇంకోదానికి మళ్లించే చోటు) దాటి ముందుకెళ్లి, వెనక్కి నెట్టి వ్యాగన్‌ను లోపల పెట్టగలిగితే సమస్యే లేదు. కానీ సైడింగ్ మీరు వెళ్తున్న దిక్కుకే తెరుచుకుని ఉంటే? ఇంజిన్ ముందు లోపలికి పోతుంది, వ్యాగన్ దాని వెనక ఉంటుంది, దాన్ని అక్కడ వదిలితే ఇంజిన్ చివర్లో ఇరుక్కుపోతుంది. అప్పుడు ఇంజిన్ వ్యాగన్‌ను వదిలి, పక్క లైను గుండా చుట్టి, దాని వెనక్కి రావాలి. ఆ పక్క లైను ప్లాన్‌లో ఉందా? ఉంటే, దాని చివరి పాయింట్లు దాటాక ఇంజిన్ నిలబడేంత పట్టా ఉందా? అచ్చయిన ప్లాన్లలో కూడా ఈ చివరి ముక్క కురచగా ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఇంజిన్ పొడవు కంటే రెండు సెంటీమీటర్లు తగ్గినా మొత్తం స్టేషన్ పనిచేయదు.

సైడింగ్ పొడవు కొలిచేటప్పుడు కూడా పాయింట్ల దగ్గర్నుంచి కొలవకండి. రెండు లైన్లు తగినంత దూరం జరిగి, ఒకదాని మీద ఆగిన వ్యాగన్ రెండోదాని మీది బండికి తగలని చోటు నుంచే లెక్క, అసలు రైల్వేలో ఫౌలింగ్ మార్క్ పెట్టేది అక్కడే. పాయింట్ల పొడవు కూడా నమ్మకండి. చేత్తో గీసేటప్పుడు అవి ఎప్పుడూ పొట్టిగా వస్తాయి. మోడల్ పట్టాలు తయారుచేసే పీకో కంపెనీ తన పాయింట్ల నమూనాలు అసలు సైజులో ప్రింట్ తీసుకునేలా ఇస్తుంది, వాళ్ల హెచ్‌ఓ మీడియం రకం 21.9 సెం.మీ. ఉంటుంది. అవి కాగితం మీద పరిచి చూస్తే ప్లాన్ నిజమో కాదో వెంటనే తెలుస్తుంది.

అభ్యాసానికి ఇంగిల్‌నుక్ సైడింగ్స్ తీసుకుందాం. బ్రిటన్‌కు చెందిన అలన్ రైట్ రూపొందించిన ఈ ప్లాన్‌లో రెండే పాయింట్లు, మూడు సైడింగులు. ఒకదాంట్లో 5 వ్యాగన్లు, మిగతా రెంటిలో 3 చొప్పున పడతాయి, సైడింగుల్లోంచి ఇంజిన్ ముందుకొచ్చి ఆగే లైనులో ఇంజిన్‌తోపాటు 3. మొత్తం వ్యాగన్లు 8. చీటీలు వేసి 5 వ్యాగన్లు ఎంచుకుని, చీటీల వరుసలోనే రైలు కట్టాలి. 8లోంచి 5ను వరుసతో ఎంచుకునే విధాలు 6,720, కాబట్టి విసుగు రావడానికి చాలా కాలం పడుతుంది. నాకు మొదటి లేఅవుట్‌గా దీన్ని మించింది కనిపించలేదు, గుండ్రంగా తిరిగే ట్రాక్ కొన్నాళ్లకే చూడబుద్ధి కాదు, ఇది మాత్రం ప్రతిసారీ బుర్రకు పని పెడుతుంది.

వ్యాగన్ 12 సెం.మీ., ఇంజిన్ 16 అనుకుంటే హెచ్‌ఓలో ముందు లైను 52, రెండు పాయింట్లు 44, పొడవాటి సైడింగ్ 60, మొత్తం 156 సెం.మీ. పైగా ఫౌలింగ్ మార్క్ కోసం ఇంకాస్త. ఒక అలమార పైన పట్టేస్తుంది.

వచ్చే భాగంలోపు చేయాల్సిన పని: అట్టముక్కలు కత్తిరించి 1 నుంచి 8 వరకు అంకెలు వేసి, కాగితం మీద ఈ ప్లాన్ గీసి, ఆ 5 వ్యాగన్ల రైలు కట్టి చూడండి. ఎన్ని కదలికలు పట్టాయో రాసుకోండి, అదే వరుసను మరునాడు మళ్లీ ప్రయత్నించండి. 4వ భాగంలో ఈ ప్లాన్‌కే బల్ల కొట్టడం మొదలుపెడదాం, 12 మి.మీ. ప్లైవుడ్, కింద చెక్క ఫ్రేమ్, పాయింట్ల మోటార్లకు చోటు ఎక్కడ వదలాలో అన్నీ అందులో.