ఓడ ప్రయాణపు రాత పెట్టె - నాలుగో పాఠం: మూత ఎందుకు లేచింది?

ఈ పాఠంలో ఇత్తడి మూలలు బిగించాలి. అది చివర్లో కాస్త చూద్దాం. మూడో పాఠంలో ఈ రాత పెట్టెకు టేకుతో చేసిన మూత పలకల ఫొటోలు మీరు పంపారు, అవి చూశాక ముందుకు పోవడానికి మనసొప్పలేదు. మే నెలలో చక్కగా కూర్చున్న మూత, వానలు పడగానే పైకి లేచి మూసుకోనంటోంది. ఏసీ గదిలో పెట్టినవాళ్లకు నిలువునా చీలింది. ఒకాయన చీలికలో లప్పం కూరి, పైన పాలిష్ కొట్టి, "ఇప్పుడు ఎలా ఉందండీ?" అని అడిగారు. బాగుంది, డిసెంబరు దాకా. చలికాలం చెక్క ఇంకా ముడుచుకుంటే లప్పం పక్కనే ఇంకో గీత పడుతుంది.

చిత్రిక పట్టడం, మూలమట్టం పెట్టి చూడటం, ఉలికి పదును తేవడం మళ్లీ చెప్పను. అవి వచ్చనుకునే ఈ పాఠాలు మొదలుపెట్టాం.

ముందు రోగం ఏదో తేల్చుకోండి. మూతను బల్ల మీద పెట్టి, పైన అడ్డంగా స్టీలు స్కేలు ఆనించండి. నడుమ ఉబ్బి స్కేలు అటూ ఇటూ ఊగితే తప్పు కింద అడ్డంగా వేసిన బద్దది. నడుమ గుంట పడి స్కేలు కింద వెలుతురు కనిపిస్తే తప్పు పాలిష్‌ది: పై వైపు మూడు పూతలు వేసి, అడుగు వైపు "ఎవరు చూస్తారులే" అని వదిలేశారు. అడుగు తేమ తాగి సాగింది, పైభాగం సాగలేదు. దీనికి మందు తేలిక. అడుగు వైపును పొద్దుటి ఎండకు తిప్పి పెట్టండి, చదునుకు వచ్చాక పైన ఎన్ని పూతలుంటే అడుగునా అన్ని వేయండి. నాకైతే లక్క పాలిషే ఇష్టం. తొందరగా ఆరుతుంది, గీతలు పడితే మళ్లీ గుడ్డతో రుద్దుకోవచ్చు.

అసలు చిక్కు బద్దతోనే. అడ్డబద్దను ఈ చివర నుంచి ఆ చివర దాకా ఫెవికాల్ పూసి అతికించవద్దని మూడో పాఠంలో రాశాను. అయినా ఎక్కువమంది అతికించారు. "మా బావగారు ఇంకాస్త ఎక్కువే పూయమన్నారండీ" అని ఒకరి సంజాయిషీ. మీ బావగారు ప్లైవుడ్ పని చేస్తారేమో. ప్లైవుడ్‌లో ఒక పొర చారలు (చెక్కలో కనిపించే గీతలు) నిలువుగా, తర్వాతి పొర చారలు అడ్డంగా ఉంటాయి కాబట్టి అది కదలదు. టేకు పలక కదులుతుంది.

ఎంత కదులుతుందో లెక్క చూడండి. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి చారలకు అడ్డంగా సుమారు 2.5 నుంచి 5.8 శాతం దాకా ముడుచుకుంటుంది, కోత ఎటు వైపు నుంచి పడిందన్నదాన్ని బట్టి. చారల పొడవునా మాత్రం దాదాపు ఏమీ ఉండదు. మన మూత వెడల్పు 12 అంగుళాలు. చెక్కలో తేమ 4 శాతం పెరిగితే, ఎక్కువగా కదిలే కోత పలకైతే రెండున్నర మిల్లీమీటర్లు, అంటే సూత్‌కు (అంగుళంలో ఎనిమిదో వంతుకు) కాస్త తక్కువ సాగుతుంది. దాని కింద అడ్డంగా అతుక్కున్న బద్దకు చారలు పొడవునా ఉంటాయి కాబట్టి అది పొడవులో వెంట్రుకవాసి కూడా పెరగదు. ఒకటి పెరుగుతానంటుంది, రెండోది పెరగనివ్వదు, ఉబ్బక ఏం చేస్తుంది? వానల్లో అతికించి ఏసీలో పెడితే కథ తిరగబడుతుంది: పలక ముడుచుకోవాలంటుంది, బద్ద పట్టుకుని లాగుతుంది, చీలిక వస్తుంది. మే ఎండకూ ఆగస్టు ముసురుకూ మన హైదరాబాద్ గాలిలో తేమ ఎంత మారుతుందో మీకు తెలియనిది కాదు.

ఓడల మీద ఇంతకన్నా కష్టం. మనం నమూనాగా తీసుకున్నది తెరచాప ఓడల కాలపు పెట్టెలనే. బీగిల్ ఓడ 1831 డిసెంబరులో ప్లిమత్ నుంచి బయలుదేరింది. 1835 సెప్టెంబరులో భూమధ్యరేఖ మీది గాలాపగోస్ దీవులు చేరి, 1836 అక్టోబరులో ఇంగ్లండుకు తిరిగొచ్చింది. 90 అడుగుల ఓడ. అందులో వెళ్లిన ప్రకృతి శాస్త్రవేత్త డార్విన్, సముద్ర పటాల బల్ల ఉన్న గదిలోనే ఉయ్యాల పడక కట్టుకుని పడుకునేవాడు, కాళ్లు చాపుకోవడానికి ఒక సొరుగు తీసేయాల్సి వచ్చేది. అంత ఇరుకులోకి చిన్న సామానే పనికొస్తుంది. చలిదేశం నుంచి ఉక్కపోత దీవులకు, మళ్లీ వెనక్కు పోయే చెక్కను జిగురొక్కటే పట్టి ఉంచలేదు. ప్రయాణపు పెట్టెలకు ఇత్తడి పట్టీలు, ఇత్తడి మూలలు అందంతో పాటు అందుకే. ఇనుమైతే ఉప్పుగాలికి తుప్పు పడుతుంది. ఇంత దూరం ఎందుకు, 18వ శతాబ్దంలో మన విశాఖపట్నం పనివాళ్లు దంతం తాపడం చేసిన రాత పెట్టెలను కంపెనీ దొరలకు చేసిచ్చేవారు.

సరే, మరమ్మతు. బద్ద మీద తడిబట్ట పరిచి ఇస్త్రీ పెట్టెతో వేడి చేయండి. తెల్ల జిగురు మెత్తబడుతుంది, పలుచటి కత్తి దూర్చి మెల్లగా లేపండి. రాకపోతే బద్దనే రంపంతో కోసి తీసేయండి, పలకను కాపాడుకోండి. కొత్త బద్దకు మూడు రంధ్రాలు వేయండి. నడిమిది స్క్రూకు సరిపోయేంత గుండ్రంగా ఉండాలి. చివర్ల రెండూ బద్ద పొడవునా సాగిన కోల రంధ్రాలుగా ఉండాలి: పక్కపక్కన రెండు రంధ్రాలు వేసి, గుండ్రటి ఆకురాయితో కలిపేయండి. స్క్రూకు అటూ ఇటూ సూత్ చొప్పున ఖాళీ చాలు. వాషర్ వేసి బిగించండి, కానీ బిర్రుగా కాదు. జిగురు కావాలంటే నడిమి స్క్రూ చుట్టూ అంగుళం మేర మాత్రమే. చివర్లకు చుక్క కూడా పోయవద్దు. చుక్కే కదా అనుకునేవాళ్ల ఫొటోలే నాకు వస్తున్నాయి.

ఇక ఇత్తడి మూలలు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయి. స్క్రూలు కూడా ఇత్తడివే తీసుకోండి. ఇత్తడి మెత్తన, టేకులోకి నేరుగా తిప్పితే తల తెగి మొండెం లోపలే ఉండిపోతుంది. సన్న రంధ్రం వేసి, ముందు అదే సైజు స్టీలు స్క్రూ ఎక్కించి తీసేయండి. తర్వాత ఇత్తడిదానికి సబ్బు రాసి చేత్తోనే తిప్పండి, డ్రిల్ మెషీన్ వద్దు. మూల రేకు మందం మేర చెక్కను ఉలితో దించాలి, వేలితో రాస్తే తగలకూడదు. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

అభ్యాసం: ఒకే టేకు పలక నుంచి 6 అంగుళాల ముక్కలు రెండు కోయండి. ఒకదానికి చారలు పొడవునా, రెండోదానికి అడ్డంగా ఉండాలి. పాలిష్ వద్దు. వెర్నియర్ కాలిపర్‌తో రెండింటి పొడవూ కొలిచి రాసుకోండి. వాన తగలకుండా బాల్కనీలో పెట్టి వారానికోసారి కొలవండి, దీపావళి దాకా. ఆ పట్టిక లేకుండా "మూత మళ్లీ లేచింది" అని అడిగితే జవాబు ఇవ్వను. ఐదో పాఠానికి సిరాబుడ్డి గూడు చేస్తాం, మీ సిరాబుడ్డి కొలత తీసి ఉంచుకోండి.