ఈకలు సవరించుకునే నీటిపక్షిని ఫొటో తీసే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

పక్షి ఏ వైపు తిరిగి ఈకలు సవరించుకుంటోందో ముందుగా కాసేపు గమనించాలి. తోక మొదట్లోని నూనె గ్రంథిని ముక్కుతో తాకి ఆ నూనెను ఈకలకు పూసుకునేటప్పుడు మెడ వెనక్కి మెలితిరిగి తల రెక్కల్లో కూరుకుపోతుంది కనుక, కన్ను స్పష్టంగా బయటపడే క్షణం కోసం వేచి ఉండాలి; కంటిపై మూడో రెప్పలాంటి పల్చని పొర జారిన ఫ్రేము ఎంత చక్కగా కుదిరినా, నా దృష్టిలో, నిర్జీవమే.

సవరింపు ముగిశాక పక్షి తరచుగా నిటారుగా లేచి రెక్కలు విదిలిస్తుంది కాబట్టి, పైన, ఇరువైపులా ఖాళీ వదిలి, షట్టర్ వేగం 1/1000 సెకను కంటే నెమ్మదించకుండా చూసుకోవాలి. లెన్సు నీటి మట్టానికి దగ్గరగా ఉండాలి, ప్రతిబింబం సగంలో తెగకూడదు. రెల్లుపుల్ల తలపై మొలిచినట్లు కనిపిస్తే అడుగు పక్కకు జరగాలి.

పక్షి సవరింపు ఆపి తలెత్తి మనవైపే చూస్తుంటే, మరీ దగ్గరకు వెళ్లామని గ్రహించి నెమ్మదిగా వెనక్కి తగ్గాలి.